ఊపిరి సాక్ష్యం

"ఊపిరి బిగపట్టండి. నేను చెప్పేదాకా వదలకండి" అంది డాక్టరు.

మెకానిక్ బుగ్గలు పూరించి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డాడు. చేతిలో అరచెయ్యంత మీటరు, దాని మూతికి అట్టగొట్టం. బిగపట్టాల్సింది పదిహేను సెకన్లే. ఆ కాస్తసేపు కూడా అతని ఎడమకాలి మడమ నేలమీద తాళం వేస్తూనే ఉంది.

"ఇప్పుడు మెల్లగా ఊదండి. చివరిదాకా."

ఊదాడు. అంకెలు ఒకదాని వెంట ఒకటి పెరుగుతూ పోయి పదిహేడు దగ్గర ఆగాయి. డాక్టరు ముఖంలో చిరునవ్వు కూడా అక్కడే ఆగిపోయింది.

ఆమె మందులిచ్చే డాక్టరు కాదు. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేసే మనిషి. సిగరెట్‌కీ, నిలకడలేని ధ్యాసకీ ఉన్న చుట్టరికం ఏమిటన్నది ఆమె పదకొండేళ్ళుగా పట్టుకుని వదలని ప్రశ్న. చిన్నప్పటినుంచీ ధ్యాస కుదరని జబ్బుతో బాధపడేవాళ్ళు మిగతావాళ్ళకంటే ముందుగా సిగరెట్ పట్టుకుంటారు, వదలడానికి ఎక్కువ అవస్థ పడతారు. సిగరెట్ వాళ్ళ బుర్రకి నిజంగా ఆసరా ఇస్తుందా, ఇచ్చినట్టు నటిస్తుందా? అది తేల్చడానికి అలాంటివాళ్ళు నలభైమంది కావాలి. ఒక్కొక్కరూ రెండుసార్లు రావాలి. ఒకసారి, రోజూలాగే తాగి. ఇంకోసారి, ముందురోజు సాయంత్రం నుంచి ముట్టకుండా. రెండుసార్లూ కంప్యూటరు ముందు పద్నాలుగు నిమిషాలు కూర్చుని ఒక పరీక్ష చెయ్యాలి. ముప్పైతొమ్మిది మంది పూర్తయ్యారు. నలభయ్యోవాడు ఈ మెకానిక్. ముట్టకుండా చేసే పరీక్షే అతనికి మొదటిది. నివేదిక నెలాఖరుకి పంపాలి.

సిగరెట్ పొగలో ఉండే విషవాయువు ఊపిరిలో ఎంత మిగిలిందో ఆ మీటరు చెబుతుంది. ముట్టకుండా వచ్చినరోజు అది ఎనిమిది దాటకూడదు.

"నిన్న సాయంత్రం నుంచి తాగలేదన్నారు" అంది డాక్టరు.

"తాగలేదండీ. ఆరింటికి ఆఖరిది."

"మీటరు అలా చెప్పడం లేదు."

"దానికి ఒంట్లో బాగాలేదేమో" అని నవ్వబోయాడు మెకానిక్.

ల్యాబులో తలపండిన టెక్నీషియన్ గొట్టం మార్చి తాను ఊదాడు. రెండు. మళ్ళీ గొట్టం మార్చి మెకానిక్‌కి ఇచ్చాడు. పదిహేడు.

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీమీద ఇంకో పరీక్షకి వచ్చినవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. డాక్టరు ఆ సంగతి పట్టించుకోలేదు. నలభయ్యోవాడు చేజారిపోతున్నాడన్న చిరాకే ఆమెని మాట్లాడించింది.

"చూడండి, ఒకటి తాగారనుకోండి, తాగానని చెప్పెయ్యాలి. ఇంకోరోజు రమ్మంటాం. అబద్ధం చెప్పే మనుషులు మాత్రం మా పనికి పనికిరారు."

బెంచీమీది ఇద్దరూ మాటలు ఆపారు. మెకానిక్ చెవులదాకా ఎర్రబడ్డాడు. చేతిలోని అట్టగొట్టాన్ని రెండుగా మడిచాడు, నాలుగుగా మడిచాడు. ఎక్కడ పారెయ్యాలో తెలియక జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, మర్చిపోయిన హెల్మెట్ తీసుకుని మళ్ళీ వెళ్ళిపోయాడు.

టెక్నీషియన్ రిజిస్టరులో అతని వరుస మీద అడ్డంగా గీత కొట్టాడు. ఎందుకో ఆ గీత వంకరగా వచ్చింది.

మర్నాడు పదకొండు గంటలకి ఒకావిడ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది. మెళ్ళో కొలతల టేపు వేలాడుతోంది. కుడుతూ కుడుతూ మధ్యలో లేచి వచ్చేసినట్టుంది.

"డాక్టరు మీరేనా?"

"నేనేనండీ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా, ఇరవై స్కూలు చొక్కాలు కాజాలు కుట్టకుండా వదిలేసి వచ్చాను. నిన్న మీరు అబద్ధాలకోరు అన్నారే, ఆ మెకానిక్ భార్యని."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "నేను ఆ మాట అనలేదు. అంటే... మీటరులో పదిహేడు వచ్చింది."

"మీ మీటరు సంగతి నాకు తెలీదు. మా ఆయన సంగతి తెలుసు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. మంచితనం వల్ల అనుకునేరు, అదేం కాదు. అబద్ధం చెప్పాలంటే ఎవరికేం చెప్పామో గుర్తుండాలి కదా. ఆయనకి పొద్దున తిన్నదేంటో మధ్యాహ్నానికి గుర్తుండదు. మా పెళ్ళయిన కొత్తలో నా పుట్టినరోజు మర్చిపోయి, మర్చిపోలేదని చెబ్దామనుకుని, అది కూడా మర్చిపోయాడు."

మూల టేబులు దగ్గర టెక్నీషియన్ దగ్గు నటించాడు.

"ఇంట్లో తాగకపోయినా, పనిచేసేచోట ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు కదండీ" అంది డాక్టరు మెత్తగా.

"ఇచ్చి ఉంటే మీ దగ్గరికొచ్చి, 'ఒకటి లాగించేశానండీ' అని పళ్ళు ఇకిలించేవాడు. ఇన్నేళ్ళలో నేను చూసిన మనిషి అది." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "నిన్నటినుంచీ అన్నం దగ్గర కూడా మాట్లాడటం లేదమ్మా. మా ఇంట్లో నా కుట్టుమిషను చప్పుడు నాకు వినిపించడం ఇదే మొదటిసారి. చిన్నప్పటినుంచీ వాళ్ళూ వీళ్ళూ బద్ధకస్తుడన్నారు, నిర్లక్ష్యం అన్నారు, అన్నీ దులిపేసుకున్నాడు. మీ దగ్గరికొచ్చాకే, 'అది నా తప్పు కాదంట, జబ్బంట' అని సంబరంగా చెప్పాడు. మళ్ళీ మీరే ఇలా అంటే ఎలా?"

 అడగడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి డాక్టరు అడిగింది: "నిన్న పొద్దున్న నేరుగా ఇక్కడికే వచ్చారా?"

"ఎక్కడ? ఆరున్నరకే షెడ్డుకెళ్ళాడు. ఏదో వ్యాను ఇంజను సరిచెయ్యాలట. అక్కణ్ణించే మీ దగ్గరికి. చలికి షట్టరు దించుకుని పనిచేస్తారు, తలనొప్పితో ఇంటికొస్తారు. అది వేరే రామాయణం."

వెళ్ళబోతూ ఆవిడ ద్వారం దగ్గర ఆగింది. "నేనొచ్చానని ఆయనకి చెప్పకండి. చెప్పినా మర్చిపోతాడనుకోండి."

ఆ సాయంత్రం డాక్టరు భర్త ఆమెని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. భవనం అడుగున కార్లు నిలిపేచోట ఇంజను ఆపకుండా, ఫోనులో ఎవరితోనో కబుర్లాడుతున్నాడు. గోడకీ కారుకీ మధ్యనుంచి నడిచి వస్తున్న డాక్టరు, కారు వెనక గొట్టంలోంచి వచ్చే పొగకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండడుగులు వేసి ఠక్కున ఆగిపోయింది. షట్టరు. ఇంజను. సిగరెట్ పొగలో ఉన్న వాయువే ఈ పొగలోనూ ఉంటుంది. ఊపిరిలోకి వెళ్ళాక అది ఎక్కణ్ణించి వచ్చిందో మీటరు ఏం చెప్పగలదు?

"ఏమైంది? తాళాలు మర్చిపోయావా?" అన్నాడు భర్త.

"బుర్ర మర్చిపోయాను" అంది డాక్టరు. "ముందు ఆ ఇంజను ఆపండి."

గురువారం పొద్దున్నే ఆమె మీటరునీ, పది అట్టగొట్టాలనీ సంచిలో వేసుకుని షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళింది. టైర్లకి పంక్చర్లు వేసే దుకాణం ఎదురుగా ఉంది. షట్టరు నడుం ఎత్తు దాకా దించి ఉంది. వంగి లోపలికి దూరాల్సి వచ్చింది. లోపల ఒక వ్యాను దడదడలాడుతోంది. నెత్తిన ఉన్ని టోపీ పెట్టుకున్న మేస్త్రీ ఆమెని ఎగాదిగా చూశాడు.

"బండి ఎక్కడ పెట్టారమ్మా?"

"బండి కాదండీ, మీ దగ్గర పనిచేసే ఒక మెకానిక్ కోసం. మొన్న మా ల్యాబుకి వచ్చారు..."

"గాలి కోసమా? ఒరేయ్ గాలీ! నీకోసం ఎవరో మేడంగారు!" అని అరిచి, ఆమె వైపు తిరిగి వివరించాడు. "పేరు పెట్టి అడిగితే ఈ వీధిలో ఎవరికీ తెలీదమ్మా. ఇలా వస్తాడు, అలా పోతాడు, చేతిలో స్పానరు ఎక్కడో వదిలేసి వస్తాడు. అందుకని గాలి. కానీ ఇంజను ముందు కూర్చోబెట్టి చూడండి, మూడు గంటలు తలెత్తడు."

వ్యాను కిందనుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. డాక్టరు గొంతు వినగానే ఆ కాళ్ళు బిగుసుకున్నాయి.

"పని ఉందండీ" అన్నాయి కాళ్ళు.

"ఫర్వాలేదు, కూర్చుంటాను" అంది డాక్టరు.

మేస్త్రీ ఒక స్టూలు దులిపి వేశాడు. ఆమె కూర్చుంది. అరగంటైంది. మెకానిక్ కిందనుంచి బయటికొచ్చి, ఆమెని చూడనట్టు నటిస్తూ బానెట్ ఎత్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడికి చెవి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. అంగుళం జరిపాడు, విన్నాడు. ఇంకో అంగుళం. డాక్టరు అలవాటు చొప్పున చేతిగడియారం చూసింది. నాలుగు నిమిషాల పది సెకన్లు అతను చెక్కిన బొమ్మలా నిలబడ్డాడు. మడమ కూడా కదల్లేదు. తన కంప్యూటరు ఎప్పుడూ చూడని మనిషిని ఆమె చూస్తోంది.

"దొరికింది! మూడో సిలిండరు తప్పు కొడుతోంది మేస్త్రీ" అని కేకేసి అతను మళ్ళీ పనిలో పడ్డాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

గంటన్నర అయ్యేసరికి డాక్టరుకి కణతలు పోటు పెట్టడం మొదలైంది. లేచి, షట్టరు కింద నుంచి దూరి, రోడ్డు దాటి టైర్ల దుకాణం పక్కన నిలబడింది. అక్కడి గాలికి మీటరు సున్నా చూపించేదాకా ఆగింది. కొత్త గొట్టం తొడిగి, పదిహేను సెకన్లు బిగపట్టి, మెల్లగా ఊదింది.

పదకొండు.

జీవితంలో సిగరెట్ చేత్తో కూడా పట్టుకోని మనిషి ఆమె. రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి పకపకా నవ్వేసింది. టైర్ల దుకాణం అతను చేతిలో ట్యూబు అలాగే పట్టుకుని చూస్తుండిపోయాడు.

"మేస్త్రీగారూ! ఒక్కసారి ఇలా రండి!"

మేస్త్రీ వచ్చాడు. చెప్పినట్టు బిగపట్టాడు, ఊదాడు. ఇరవై ఒకటి.

"మీరు రోజుకి ఎన్ని సిగరెట్లు తాగుతారు?"

"నేనా?" మేస్త్రీ టోపీ తీసేశాడు. "మా అమ్మ మీద ఒట్టు, నా జన్మలో ముట్టలేదు!"

"ఈ మీటరు ప్రకారం మీరు పెట్టె తాగుతున్నారు."

ఈ గోలకి మెకానిక్ కూడా బయటికొచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ దూరంగా నిలబడ్డాడు. డాక్టరు అతని దగ్గరికి నడిచింది. గొంతు తగ్గించలేదు.

"మంగళవారం నేను మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. మీరు నిజమే చెప్పారు. పొద్దున్నంతా ఎక్కడున్నారని అడగాల్సింది, అడగలేదు. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే చెబుతున్నాను. తప్పు నాది. క్షమించండి."

మెకానిక్ గుడ్డని ఒకసారి దులిపాడు. మొదట మేస్త్రీనీ, తర్వాత టైర్ల దుకాణం అతన్నీ చూశాడు. అందరూ విన్నారని రూఢి చేసుకున్నాక మీటరు వైపు మెడ చాచాడు.

"మీకెంత వచ్చిందండీ?"

"పదకొండు."

"ఎనిమిది దాటితే పనికిరారన్నారు కదా?"

"అన్నాను."

"అయితే మీరూ పనికిరారు" అన్నాడు మెకానిక్, రెండురోజుల తర్వాత మొదటిసారి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.

నవ్వులయ్యాక డాక్టరు అసలు సంగతి చెప్పింది. ఇంజను పొగలోని ఆ వాయువు వాసన లేని విషం. మధ్యాహ్నం తలనొప్పులు దానివల్లే. "టీ తాగితే తగ్గుతుంది కదమ్మా" అన్నాడు మేస్త్రీ. "టీ తాగడానికి బయటికొస్తారు కాబట్టి తగ్గుతుంది" అంది ఆమె. మేస్త్రీ లోపలికెళ్ళి ముందు ఇంజను ఆపించాడు. తర్వాత షట్టరుని పైకంటా లేపాడు. పొగ గొట్టానికి రబ్బరు పైపు తొడిగి వీధిలోకి వదలాలని, వెనకగోడకి పెద్ద ఫ్యాను పెట్టించాలని ఆ నిమిషమే తీర్మానమైంది. "మరి చలి?" అని ఎవరో గొణిగారు. "స్వెట్టరు వేసుకోండిరా!" అని మేస్త్రీ కసిరాడు.

"సోమవారం వస్తారా?" అంది డాక్టరు మెకానిక్‌తో. "ఆదివారం షెడ్డు సెలవు కదా. నేరుగా ఇంటినుంచే రండి."

"వస్తానండీ. మా ఆవిడకి కూడా చెప్పండి, లేకపోతే మర్చిపోతాను."

సోమవారం అతను భార్యతో కలిసి వచ్చాడు. ఆవిడ బయట బెంచీమీద కూర్చుని, సంచిలోంచి చొక్కా తీసి గుండీలు కుట్టుకోవడం మొదలుపెట్టింది. మెకానిక్ లోపలికెళ్ళి ఊదాడు. మీటరు ఒకటి దగ్గర ఆగింది.

"ఒకటి! నాకంటే నయం" అన్నాడు టెక్నీషియన్. కొత్త వరుస తెరిచి, వరసగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. "చివరి సిగరెట్ ఎప్పుడు? నిన్న సాయంత్రం అని రాసుకోనా?"

"కాదండీ, పోయిన సోమవారం సాయంత్రం."

టెక్నీషియన్ పెన్ను ఆగింది. డాక్టరు తలెత్తింది.

"పోయిన సోమవారమా? వారం రోజులా?"

"అవునండీ." మెకానిక్ కాస్త సిగ్గుపడ్డాడు. "మంగళవారం మీరలా అన్నాక ఒళ్ళు మండిపోయింది. బయటికెళ్ళగానే పెట్టె తీశాను. ఇప్పుడు వెలిగిస్తే ఆ డాక్టరమ్మ మాటే నిజం చేసినట్టవుతుంది అనిపించి, లోపల పెట్టేశాను. బుధవారం మళ్ళీ తీశాను, మళ్ళీ అదే అనిపించింది. గురువారం మీరొచ్చి తప్పు నాదన్నారు. ఇంక కోపానికి వంక లేదు. కానీ అప్పటికే మూడురోజులయ్యాయి. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

"ఎలా ఉంది?"

"నరకంలా ఉందండీ" అన్నాడు ఉత్సాహంగా. "రెండు స్పానర్లు పోగొట్టాను. మేస్త్రీ మీద అరిచాను. రాత్రి పక్కమీద కాళ్ళు ఊరుకోవు. కానీ పొద్దున్న లేస్తే నోరు నాదిలా అనిపిస్తోంది."

 వారంరోజులుగా తాగనివాడు ఈ పరీక్షకి అక్కరకి రాడు. ముప్పైతొమ్మిది మందీ రోజూ తాగేవాళ్ళు, ఒక్క రాత్రి మాత్రమే ఆగినవాళ్ళు. టెక్నీషియన్ డాక్టరు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:

"దారి ఉంది మేడం. ఓ వారం మామూలుగా తాగి, అప్పుడు రమ్మంటే సరి. నెలాఖరుకి ఇంకా పదిరోజులుంది. నలభై పూర్తవుతుంది."

మెల్లగానే అన్నాడు గానీ మెకానిక్‌కి వినిపించింది.

"నావల్ల మీ పని ఆగిపోతుందాండీ? ఆ మాత్రానికేం, మొదలుపెట్టేస్తాను. షెడ్డు దాకా వచ్చి నాకోసం గంటన్నర ఆ పొగలో కూర్చున్నారు. మీకోసం నాలుగు సిగరెట్లు తాగలేనా?"

నిజంగానే ఇస్తున్నాడు. అప్పు తీర్చుకుంటున్నట్టు కాదు, ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ వేస్తున్నట్టు. డాక్టరు కళ్ళముందు నివేదిక కదిలింది. ఇలాంటి ఇంకో మనిషిని వెతకాలంటే రెండు నెలలు పడుతుంది. గడువు పెంచమని కమిటీకి ఉత్తరం రాయాలి, వాళ్ళ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇవన్నీ ఆమెకి ఒక్కసారిగా తోచాయి. ఆమె చూపు అతని మడమ మీద పడింది. అది ఆగకుండా కొట్టుకుంటోంది. ఆ మడమతోనే ఏడురోజులు నెట్టుకొచ్చాడు.

"వద్దు" అంది డాక్టరు. మళ్ళీ కాస్త గట్టిగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది. "వద్దండీ. మీరు తాగకండి. గడువు నేను అడుక్కుంటాను."

టెక్నీషియన్ ఆమెని ఒక చూపు చూశాడు. రిజిస్టరు మూసేశాడు.

మెకానిక్ మాత్రం లేవలేదు. "ఇంతదూరం వచ్చాను కదండీ, ఆ ఆటేదో ఒకసారి ఆడి వెళ్ళనా?"

ఆమె నవ్వి కంప్యూటరు తెరిచింది. తెర మీద ఒక్కో అక్షరం మెరిసి మాయమవుతుంది. ఏది వచ్చినా మీట నొక్కాలి. 'ఱ' వస్తే మాత్రం నొక్కకూడదు.

"బండి ఱ వస్తే ఊరుకోవాలా?" మెకానిక్ నిష్ఠూరంగా చూశాడు. "బండి వస్తే చెయ్యి ఆపమంటే ఎలాగండీ? అదే కదా నా బతుకు!"

పద్నాలుగు నిమిషాలూ కూర్చున్నాడు. బండి ఱ వచ్చినప్పుడల్లా సగంసార్లు నొక్కేసి 'అయ్యయ్యో' అన్నాడు. డాక్టరు లెక్క రాసుకోకుండా పక్కన కుర్చీ వేసుకుని చూసింది. అయిపోయాక అతను అడిగాడు: "సిగరెట్ తాగి ఉంటే బాగా చేసేవాణ్ణాండీ?"

"కాస్త బాగా చేసేవారేమో. కానీ అందులో ఎంత నిజంగా బాగుపడటమో, ఎంత సిగరెట్ పెట్టిన ఆకలిని సిగరెట్టే తీర్చడమో నాకింకా తెలీదు. అది తెలుసుకోవడానికే ఈ తంటా." ఆమె ఒక చీటీ రాసిచ్చింది. "ధ్యాస కుదరడానికి వేరే దారులున్నాయి. మానడానికి సాయం చేసేవాళ్ళూ ఉన్నారు. ఒక్కరే పళ్ళు బిగించుకుని కూర్చోకండి. ఇదీ అడ్రసు."

ఇద్దరూ బయటికొచ్చారు. కుడుతున్న భార్య దారం పంటితో తెంపి లేచింది.

"అయిందా అమ్మా?"

"మీ ఆయన్ని మా పరిశోధనలోంచి తీసేశానండీ" అంది డాక్టరు.

ఆవిడ మొహం మారిపోయింది. "మళ్ళీనా? ఇప్పుడేం చేశాడు?"

"వారం రోజుల నుంచి సిగరెట్ ముట్టలేదు. మాకు తాగేవాళ్ళు కావాలి."

భార్య డాక్టరుని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. సూదిని సంచిలో పడేసింది.

"వారం రోజులా? నాకు చెప్పలేదే!"

మెకానిక్ తల గోక్కున్నాడు. "మర్చిపోయానే."

"మర్చిపోయావా?" ఆవిడ చేతిలో చొక్కాతోనే అతని భుజం మీద ఒక్కటి వేసింది. "చిరాకు పడుతుంటే షెడ్డులో ఏదో గొడవనుకున్నాను. వారంలో నాలుగుసార్లు నీతో దెబ్బలాడాను కదయ్యా!" అంటూనే బెంచీమీద కూలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, "అమ్మా, ఈ ముక్క కాగితం మీద రాసిస్తారా? మా అత్తగారు నేను చెబితే నమ్మదు" అంది.

డాక్టరు లోపలికెళ్ళి ల్యాబు పేరు అచ్చేసిన కాగితం తీసింది. ఇతను ఏడు రోజులుగా పొగ తాగలేదని, ఊపిరిలో ఒకటి మాత్రమే వచ్చిందని రాసింది. ఎవరూ అడగకుండానే కింద ఇంకో వాక్యం చేర్చింది: 'పోయిన మంగళవారం కూడా ఇతను నిజమే చెప్పాడు, పొరపాటు నాది.' సంతకం చేసింది. టెక్నీషియన్ అడక్కముందే స్టాంపు తెచ్చి గట్టిగా గుద్దాడు.

భార్య ఆ కాగితాన్ని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది. రెండో వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగింది. మెకానిక్ చెయ్యి చాపాడు.

"నీకిస్తే ఇంకేమైనా ఉందా?" అని ఆవిడ దాన్ని మడిచి, పర్సులో పెట్టి జిప్పు లాగేసింది.

ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. మొదటి మలుపు దగ్గర ఆవిడ గొంతు పైకి వినిపించింది. "ఇంకా నాకు చెప్పడం మర్చిపోయినవి ఏమేం ఉన్నాయి?"

మెకానిక్ మెట్టు మీద ఆగి, రెయిలింగు పట్టుకుని, నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు.